పదిహేను రోజులు ఆగి, తిరిగి వచ్చిన నీలి పొగ

బండి సందేహాలు: పాఠకుల ప్రశ్నలు, మా సమాధానాలు

ప్రశ్న: నాది 1996 మోడల్ మారుతి 800, కార్బురేటర్ బండి. శృంగవరపుకోటలో ఉంటూ నెలకు రెండు మూడుసార్లు అరకు వెళ్లి వస్తుంటాను. అనంతగిరి ఘాటు దిగి, కింద చదును రోడ్డు మీద యాక్సిలరేటర్ తొక్కగానే వెనుక దట్టంగా నీలి పొగ లేచేది. ఉదయం స్టార్టు చేసినప్పుడు కూడా ఒక్కసారి గుప్పుమని వచ్చి ఆగిపోయేది. మూడు నెలల కిందట విజయనగరంలో ఒక మెకానిక్, సిలిండర్ల మీద ఉండే హెడ్డు దించకుండానే ఆరు వాల్వు సీళ్లనూ మార్చారు. పదిహేను రోజులపాటు పొగ జాడ లేదు. ఆ తరువాత మళ్లీ మొదలైంది, టిక్కుటిక్కుమనే చప్పుడు కూడా తోడైంది. ప్లగ్గులు విప్పి చూస్తే మధ్యది ఒక్కటే నూనె తడితో నల్లగా ఉంది. ఇప్పుడు ఇంజిను బోరు చేయించాలి, అంటే సిలిండర్లను లోపల కోయించి పెద్దవి చేయించాలంటున్నారు. చేయించమంటారా?
ఒక పాఠకుడు, శృంగవరపుకోట

సమాధానం: ఇప్పుడే చేయించవద్దు. మీ ఉత్తరంలో అన్నిటికంటే విలువైన మాట "పదిహేను రోజులపాటు పొగ జాడ లేదు" అన్నది. పిస్టన్ చుట్టూ ఉండే రింగులు అరిగి పొగ వచ్చే ఇంజినులో వాల్వు సీళ్లు ఎన్నిసార్లు మార్చినా ఒక్క రోజు కూడా పొగ పూర్తిగా ఆగదు. ఆయిల్ కూడా అప్పుడే మార్చి, మునుపటికంటే చిక్కనిది పోసి ఉంటే పొగ కొంత పలచబడవచ్చు గాని, జాడ లేకుండా పోదు. కాబట్టి నూనె పైనుంచి, అంటే వాల్వుల దారిలోనే దిగుతోందని, మార్చిన సీళ్లలో కనీసం ఒకటి తన పని మానేసిందని అనుకోవడానికి మంచి ఆధారం ఉంది. తడిసిన ప్లగ్గు ఒక్కటే కావడం ఆ అనుమానాన్ని రెండో సిలిండరు దగ్గరికి తీసుకువెళుతోంది.

ముందుగా ఆ సీలు చేసే పని ఏమిటో చెప్పుకుంటే తక్కినదంతా సులువుగా అర్థమవుతుంది. వాల్వు కాడ పైకీ కిందకీ ఆడే ఇత్తడి లేదా ఇనుప గొట్టాన్ని గైడు అంటారు. కాడకూ గైడుకూ మధ్య మిల్లీమీటరులో వందో వంతుల లెక్కన కొద్దిపాటి సందు ఉండాలి, లేకపోతే వాల్వు వేడికి పట్టేస్తుంది. ఆ సందులోకి హెడ్డు మీది నూనె ఎక్కువగా దిగకుండా గైడు నెత్తిన కూర్చుని కాడను తుడుస్తూ ఉండే రబ్బరు టోపీయే సీలు. కాడ తడి ఆరకుండా కాస్త నూనెను అది కావాలనే వదులుతుంది. అంటే సీలు పని తుడవడమే. కాడను నిటారుగా నిలబెట్టే పని గైడుది. గైడు అరిగి కాడ పక్కలకు ఊగుతూ ఉంటే కొత్త సీలు పెదవి ఆ ఊపును కొన్నాళ్లు వెంటాడి, తరువాత తానే కోలగా సాగి నూనెను వదిలేస్తుంది. సీళ్లు మార్చిన కొద్ది వారాలకే పొగ తిరిగి వచ్చిందంటే నాకు మొదట తోచే అనుమానం ఇదే.

ఘాటు దిగిన తరువాతే పొగ ఎందుకు లేస్తుందని మీలాంటివారు తరచు అడుగుతుంటారు. రెండో గేరులో యాక్సిలరేటర్ వదిలేసి దిగుతున్నప్పుడు కార్బురేటర్ తలుపు మూసుకుని ఉంటుంది, పిస్టన్లు మాత్రం వేగంగా ఆడుతూనే ఉంటాయి. లోపలికి గాలి వచ్చే దారి లేక ఇన్‌టేక్ గొట్టంలో పీడనం బాగా పడిపోతుంది, ఆ లాగుడుకు ఇన్‌టేక్ వాల్వు గైడుల సందులోంచి నూనె దిగుతుంది. వంపు వంపుకూ అలా పోగుపడిన నూనె, కింద మీరు యాక్సిలరేటర్ తొక్కగానే ఒక్కసారిగా కాలి పొగవుతుంది. అయితే ఈ లక్షణం ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదు. పిస్టను మీది ఆయిల్ రింగు మసి పట్టి బిగుసుకుపోయినా అదే లాగుడుకు నూనె కిందినుంచి పైకి ఎక్కుతుంది. ఉదయం పూట గుప్పుమనే పొగ మాత్రం రాత్రంతా కాడల వెంట చుక్కచుక్కగా జారిన నూనెదే. ఇక్కడ ఒక చిన్న హెచ్చరిక. మీది చోక్ లాగి స్టార్టు చేసే బండి. చోక్ ఎక్కువైతే వచ్చే పొగ నల్లగా ఉండి పెట్రోలు వాసన వేస్తుంది, శీతాకాలపు పొద్దున సైలెన్సరులోంచి వచ్చేది తెల్లటి ఆవిరి, అది క్షణంలో గాలిలో కలిసిపోతుంది. నూనె పొగ నీలిగా ఉండి, మాడిన వాసనతో గాలిలో కాసేపు నిలుస్తుంది. ఈ మూడింటినీ కలిపేసి "పొగ" అని ఒకటే మాట చెప్పడం వల్ల మెకానిక్కులు పెడదారి పట్టిన సందర్భాలు తక్కువేమీ కావు.

ఇక చేయవలసిన పని. ఇంజిను బాగా వేడెక్కాక మూడు ప్లగ్గులూ విప్పి, కాయిల్ వైరు తీసేసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపెట్టి కంప్రెషన్, అంటే సిలిండరులో గాలి ఎంత గట్టిగా నొక్కబడుతోందో, గేజితో చూపించండి. తరువాత ఒక్కొక్క సిలిండరులో ఒక టీ చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూడాలి. నూనె పోశాక ముల్లు బాగా పైకి లేస్తే రింగుల దగ్గర లీకు ఉన్నట్టు. పెద్ద తేడా లేకుంటే పై రెండు రింగులూ బాగున్నట్టు. అడుగున ఉండే ఆయిల్ రింగు సంగతి ఈ పరీక్ష చెప్పదు, దాన్ని కూడా మచ్చ లేనిదిగా తేల్చేశామని అనుకోవద్దు. మూడు సిలిండర్ల కొలతలూ దగ్గరదగ్గరగా ఉండి, మధ్య ప్లగ్గు మాత్రమే తడిసి ఉంటే బోరు మాట పక్కన పెట్టి, హెడ్డు మీది మూత అయిన ట్యాపెట్ కవరు విప్పించండి.

కవరు తీశాక అన్నిటికంటే ముందు హెడ్డు మీద నూనె నిలిచి ఉందేమో చూడాలి. నూనె తిరిగి కిందికి పోయే రంధ్రాలు మడ్డితో పూడిపోతే సీళ్లు నూనెలో మునిగిపోతాయి, మునిగిన సీలు ఎంత కొత్తదైనా ఆపలేదు. రంధ్రాలను శుభ్రం చేసేటప్పుడు మడ్డిని కిందికి పొడవకుండా పైకి తీయాలి. తరువాత సన్నని టార్చి వెలుగులో స్ప్రింగు చుట్టల సందుల్లోంచి రెండో సిలిండరు సీళ్లను చూడండి. సీలు గైడు నుంచి ఊడి కాడతో పాటు పైకి ఎక్కి ఉంటే కంటికే తెలుస్తుంది. అలా ఊడిన సీలు కాడతో కలిసి ఆడుతూ ప్రతి దెబ్బకూ నూనెను గైడులోకి తోస్తుంది, అంటే అసలు సీలు లేకపోవడంకంటే అధ్వాన్నం. ఊడడానికి సాధారణంగా కారణాలు రెండు. ఒకటి, గైడు బయటి కొలతకు సరిపడని సీలు వేయడం. "మారుతీదే, సరిపోతుంది" అన్న మాట మీద కొనకుండా, పాత సీలును దుకాణానికి పట్టుకెళ్లి లోపలి కొలతా, కింది బిగువూ పోల్చి తెచ్చుకోవాలి. రెండవది, సీలును అడుగుదాకా దిగకుండానే వదిలేయడం. సరిపడా వ్యాసం ఉన్న సాకెట్టునో, గొట్టాన్నో ఆనించి చేత్తో సమంగా నొక్కితే అడుగు తగిలిన చోట పట్టు మారుతుంది, అది వేలికే తెలుస్తుంది. సుత్తితో కొడితే సీలులోని లోహపు కట్టు వంగిపోతుంది. ఊడకుండా ఉంటుందని గ్యాస్కెట్ గమ్ము పూసి అతికించిన సీలును కూడా ఒకసారి చూశాను. ఆ గమ్ము ఎండి, పెచ్చులై, నూనె రంధ్రాల్లో చేరింది.

సీలు తన చోటనే ఉంటే, స్ప్రింగు విప్పి పెదవి చూడాలి. కాడ చివర, స్ప్రింగును పట్టి ఉంచే లాక్‌లు కూర్చునే గాడి అంచు కత్తిలా ఉంటుంది. దాని మీదుగా సీలును పొడిగా తోస్తే పెదవి సన్నగా చీరుకుంటుంది. ఆ చీరిక కంటికి కనబడదు గాని, కొన్నాళ్లకు పెద్దదవుతుంది. గాడి మీద పలుచని ప్లాస్టిక్ తొడుగో, రెండు చుట్లు టేపో వేసి, నూనె రాసి దించడం అందుకే. సీలు వేయకముందే స్ప్రింగు కింది వాషరు దాని చోట ఉండాలన్నది కూడా మరచిపోయే విషయమే. మరచిపోతే సీలును మళ్లీ పీకాలి, ఒకసారి పీకిన సీలును తిరిగి వేయకూడదు.

స్ప్రింగు విప్పి ఉన్నప్పుడే, పిస్టను పైకి ఉండగా వాల్వును కొద్దిగా కిందకు వదిలి, కాడ చివర పట్టుకుని అటూ ఇటూ ఊపి చూడమనండి. పక్క సిలిండరులోని అదే రకం వాల్వుతో పోల్చి చూస్తే అనుభవం లేనివారికి కూడా తేడా తెలుస్తుంది. పక్కదానికంటే స్పష్టంగా ఎక్కువ ఊగుతూ ఉంటే ఇక హెడ్డు దించక తప్పదు. అప్పుడు కొలత పరికరంతో సందు చూసి, గైడు మార్పించాలి. మీ కారు హెడ్డు అల్యూమినియం. పాత గైడును పద్ధతిగా నొక్కి తీసి, హెడ్డును సమంగా వేడిచేసి కొత్తది ఎక్కించి, రీమరు వేసి దాని రంధ్రాన్ని సరిచేసి, ఆ తరువాత వాల్వు కూర్చునే సీటును కూడా కొత్త గైడు మధ్యగీతకు అనుగుణంగా కోయించాలి. గైడు మార్చి సీటు కోయకుండా వదిలేస్తే వాల్వు ఒక పక్కకే ఆనుతుంది. పొగ పోయి కంప్రెషన్ పడిపోతుంది, అంటే ఒక జబ్బు పోయి ఇంకో జబ్బు వచ్చినట్టే. విజయనగరంలోనైనా, లారీ పనికి పేరుపడ్డ సాలూరులోనైనా మీరు హెడ్డు పని చేసే లేత్ షాపుకు ఇచ్చేటప్పుడు "సీటు కూడా కోస్తారు కదా" అని ముందే అడగండి. ఆ ఒక్క ప్రశ్నతో పని ఎలాంటిదో తేలిపోతుంది.

టిక్కుటిక్కు చప్పుడు గురించి. వాల్వులను నొక్కే రాకర్లు విప్పి బిగించాక, రాకరుకూ వాల్వుకూ మధ్య ఉండే ట్యాపెట్ సందు ఫీలర్ గేజితో సరిచేయకపోయినా, సరిచేసిన స్క్రూ మీది నట్టు వదులైనా అది వస్తుంది. సందు కొలత మీ బండి సర్వీసు పుస్తకంలో చల్లటి ఇంజినుకు ఇచ్చినదే పాటించాలి. చల్లటి కొలతను వేడి ఇంజినుకు వాడకూడదు. అయితే కవరు తీసిన చేత్తో ఆరు వాల్వుల లాక్‌లూ రెండేసి సగాలు సమానంగా కూర్చున్నాయో లేదో తప్పక చూడండి. ఒక సగం పైకి లేచి ఉంటే బండి నడపవద్దు. ఆ లాక్ ఊడిన రోజున వాల్వు సిలిండరులో పడి పిస్టనునూ హెడ్డునూ కలిపి నాశనం చేస్తుంది.

సీలు సరిచేయించాక కూడా మొదటి వంద, రెండు వందల కిలోమీటర్లు కొంత పొగ వస్తే కంగారుపడవద్దు. మూడు నెలలుగా సైలెన్సరులో పేరుకున్న నూనె కాలిపోవాలి కదా. మధ్య ప్లగ్గును మాత్రం శుభ్రం చేసో, కొత్తది వేసో, అయిదు వందల కిలోమీటర్ల తరువాత విప్పి చూడండి.

ప్రశ్న: నాకూ పాత మారుతి 800 ఉంది. సీళ్లు నేనే మార్చుకుందామని, స్ప్రింగు విప్పినప్పుడు వాల్వులు లోపలికి జారకుండా గాలితో ఆపడానికి పక్కనున్న పంచరు షాపు కంప్రెసరు గొట్టాన్ని ప్లగ్గు రంధ్రానికి తగిలించాను. గాలి పట్టగానే ఇంజిను గిర్రున తిరిగి, క్రాంకు పుల్లీ మీద ఉన్న స్పానరు ఎగిరిపడింది. అదృష్టవశాత్తు దెబ్బ తగలలేదు. ఎక్కడ పొరపాటు జరిగింది?
ఒక పాఠకుడు, టెక్కలి

సమాధానం: లెక్క చూస్తే మీకే తెలుస్తుంది. ఈ ఇంజిను బోరు, అంటే సిలిండరు లోపలి వ్యాసం, 68.5 మిల్లీమీటర్లు, అంటే పిస్టను నెత్తి వైశాల్యం దాదాపు 37 చదరపు సెంటీమీటర్లు. చదరపు సెంటీమీటరుకు 7 కిలోల గాలి, అంటే పంచరు షాపు లెక్కలో చదరపు అంగుళానికి ఇంచుమించు 100 పౌన్లు, దాని మీద పడితే 250 కిలోలకు పైగా బలం పిస్టనును కిందికి తోస్తుంది. పిస్టను సరిగ్గా పైచివర ఉన్నప్పుడు ఆ బలం నిట్టనిలువుగా క్రాంకు మీద పడి ఊరుకుంటుంది. కాస్త అటో ఇటో ఉంటే క్రాంకు తిరిగి తీరుతుంది. కాబట్టి పిస్టను పైచివర ఉండడమే కాదు, రెండు వాల్వులూ మూసుకుని ఉండే కంప్రెషన్ దశలో ఉండాలి. టాప్ గేరులో పెట్టి, హ్యాండు బ్రేకు వేసి, చక్రాలకు అడ్డు పెట్టాలి. పుల్లీ మీద స్పానరు ఉంచి గాలి వదలడం ఇంకెప్పుడూ చేయవద్దు.

మూడు సిలిండర్ల ఇంజిను కాబట్టి ఒకటవ సిలిండరు పూర్తయ్యాక క్రాంకును 240 డిగ్రీలు తిప్పితే మూడవది, మరో 240 డిగ్రీలకు రెండవది పైకి వస్తాయి. ఫైరింగు వరుస, అంటే సిలిండర్లు ఒకదాని తరువాత ఒకటి మండే వరుస, 1-3-2 అని గుర్తుంచుకోండి. వరుసగా 1, 2, 3 అనుకుని పని చేసినవారే ఎక్కువగా వాల్వు జారవిడుచుకుంటారు.

స్ప్రింగు విప్పేముందు గాలి పట్టి ఉంచి, ఒక నిమిషం చెవి పెట్టి వినండి. దీనికి పైసా ఖర్చు లేదు. బుస్సుమనే శబ్దం కార్బురేటర్‌లో వినబడితే ఇన్‌టేక్ వాల్వు, సైలెన్సరులో వినబడితే ఎగ్జాస్ట్ వాల్వు, ఆయిల్ పోసే మూత దగ్గర వినబడితే రింగులు వదులుతున్నట్టు. రేడియేటరులో బుడగలు వస్తే హెడ్ గ్యాస్కెట్. సీళ్లు మార్చవలసిన పనేనా అన్నది అక్కడే సగం తేలుతుంది.

కంప్రెసరు దొరకని చోట తాడు పద్ధతి మంచిది. పిస్టను కొంచెం కిందికి ఉండగా మెత్తటి అల్లిక నైలాను తాడును ప్లగ్గు రంధ్రంలోంచి మూరల కొద్దీ లోపలికి దోపి, చివర ముడి వేసి బయట వదిలి, క్రాంకును చేత్తో నెమ్మదిగా తిప్పితే ఆ తాటి ఉండ వాల్వులను కిందినుంచి ఆనుకుని నిలబడుతుంది. నూలు తాడు వద్దు, దాని పీచు లోపల మిగిలిపోతుంది. ఏ పద్ధతిలోనైనా స్ప్రింగు తీయగానే కాడ చివర ఒక రబ్బరు బ్యాండును గట్టిగా చుట్టేయండి. గాలి పోయినా వాల్వు గైడు దాటి జారదు. లాక్‌లు జామైతే, గాలి లేదా తాడు వాల్వును ఆపి ఉంచినప్పుడే స్ప్రింగు నెత్తిన ఉండే బిళ్ల, అంటే రిటైనరు మీద సాకెట్టు ఆనించి పైనుంచి ఒక చిన్న దెబ్బ వేస్తే అవి వదులుతాయి. ఆ దెబ్బకు ముందు నూనె రంధ్రాలన్నిటిలో గుడ్డ ముక్కలు కుక్కడం మాత్రం మరవవద్దు.

ప్రశ్న: మా నాన్నగారి అంబాసిడర్, పాత 1489 సీసీ పెట్రోలు ఇంజిను. సీళ్ల కోసం రాకర్లు విప్పుతానని, రేడియేటరు నీళ్లు తీయనక్కరలేదని మెకానిక్ అంటున్నారు. సరేనా?
ఒక పాఠకురాలు, నరసన్నపేట

సమాధానం: సరికాదమ్మా, నీళ్లు తీయించండి. ఈ ఇంజినులో రాకర్ షాఫ్టును బిగించే ఎనిమిది నట్లలో నాలుగు హెడ్డును కూడా పట్టి ఉంచేవే. వాటిని వదులు చేయగానే హెడ్డు ఒక పక్క వదులై, మరో పక్క బిగువుగా ఉండి వంకర తిరుగుతుంది, నీళ్లు సిలిండరులోకీ, కింద ఆయిల్‌లోకీ దిగే ప్రమాదం ఉంది. నీళ్లు తీసి, తక్కిన హెడ్డు నట్లను కూడా వరుస క్రమంలో కొద్దికొద్దిగా వదులు చేశాకే రాకర్లు పైకి తీయాలి. ఇంత చేసినప్పుడు హెడ్డు దించేసి గ్యాస్కెట్ కొత్తది వేయించడమే మేలని నా అభిప్రాయం. గైడులు కూడా చేతికి అందుతాయి.

ఇందులో సీలు గైడు మీద కూర్చునే టోపీ కాదు, కాడ చుట్టూ ఉండే చిన్న రబ్బరు రింగు. దాన్ని నూనెలో నానబెట్టి, స్ప్రింగును కిందికి నొక్కిపట్టిన తరువాతే కాడ మీద లాక్ గాడి అడుగున కూర్చోబెట్టి, ఆపైన లాక్‌లు వేయాలి. స్ప్రింగు నొక్కకముందే రింగు వేస్తే అది రిటైనరు కిందికి పోయి దేనికీ పనికిరాకుండా మిగులుతుంది. ఎనిమిది వాల్వులకూ ట్యాపెట్లు సరిచేయడానికి తొమ్మిది లెక్క అక్కరకు వస్తుంది. ఎనిమిదో వాల్వు పూర్తిగా తెరుచుకుని ఉన్నప్పుడు ఒకటవది, ఆరవది తెరుచుకుని ఉన్నప్పుడు మూడవది, ఇలా రెండూ కలిపితే తొమ్మిది వచ్చేలా సరిచేసుకుంటూ పోవాలి. బండి ఒకసారి బాగా వేడెక్కి, పూర్తిగా చల్లారాక హెడ్డు నట్లను టార్క్ రెంచితో మళ్లీ బిగించి, ఈ తొమ్మిది లెక్క ఇంకొకసారి వేయించండి. నట్లు బిగిస్తే ట్యాపెట్ సందు మారిపోతుంది.